మిషన్లు ఆరు, పీట సున్నా!

నంద్యాలలో మా ఇంటికొస్తే వడ్రంగి షాపనుకుంటారు పాఠకులారా! డ్రిల్లింగ్ మిషన్లు రెండు, జిగ్‌సా, రూటర్, సాండర్, కరెంటు రంపం... అన్నీ సరదాకే! "యాడరా నా పీట?" అని అమ్మ రోజూ సాధింపు.

మొన్న శిల్పుల పని చూద్దామని ఆళ్లగడ్డ వెళ్లాను. 'అమరశిల్పి జక్కన' (1964)లో అక్కినేని పట్టిన ఉలి కోసం వెతికితే చెవులు గింగురుమనిపించే గ్రైండర్లు! అయితే రాయి కోతవరకే మిషను. విగ్రహానికి కళ్లు తీర్చేటప్పుడు శిల్పి ఉలీ సుత్తీ అందుకున్నాడు.

"ఎన్ని మిషన్లున్నాయి?" అనడిగా.

"కోతకొకటి, నునుపుకొకటి. మీకాడ ఎన్నుండాయి సార్?"

చప్పున మాట జక్కన మీదికి మళ్లించా!

ఇంటికొచ్చి పట్టుదలగా పీట మొదలెడితే కరెంటు పోయింది. చేతిరంపమా? అదొక్కటే కొనలేదు!