ఎవరికి క్యాజువల్?

"క్యాజువల్‌గా డిన్నర్‌కి వెళ్దాం రా" అని మా రూమ్మేట్‌ని లాక్కెళ్లింది నేనే. ఇంటర్నల్స్ అయిపోయిన సాయంత్రం, జూబ్లీహిల్స్‌లో ఒక మెడిటరేనియన్ రెస్టారెంట్. అప్పటి నుంచి "క్యాజువల్" అనే మాట నాకు కొంచెం గుచ్చుకుంటోంది. ఎందుకో చెప్తాను.

నేను నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియం. వాడు పదో తరగతి దాకా శ్రీకాకుళం జిల్లాలో తెలుగు మీడియం. కాబట్టి మెనూ నేనే తీసుకున్నాను, లెక్చర్ కూడా నేనే మొదలుపెట్టాను. అరబిక్‌లో హమ్మస్ అంటే శనగలేనని, ఉడికించిన కాబూలీ శనగల్ని తహీనీ, నిమ్మరసం, వెల్లుల్లితో మెత్తగా రుబ్బుతారని, మెజ్జే అంటే చిన్న చిన్న ప్లేట్లు మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకుని తినడమని. వాడు అన్నిటికీ "సరే రా" అన్నాడు. నేను ఆర్డర్ ఇచ్చేశాను.

బాబా గనూష్ రాగానే పీటా ముక్కతో తిని నవ్వాడు. "ఇది మా అమ్మ నిప్పుల మీద వంకాయ కాల్చి చేసే పచ్చడే కదరా! మిరపకాయలు మర్చిపోయారంతే." నిజమే. తహీనీ అంటే నువ్వుల ముద్ద. శనగలు నానబెట్టి, రుబ్బి, నూనెలో వేయించే ఫలాఫెల్ మన మసాలా వడకి దగ్గరి చుట్టం. నేను అంత గొప్పగా వివరించిన భోజనం వాడికి నాకన్నా బాగా తెలుసు. తెలియనిది రేటు ఒక్కటే. మెనూ చివరిదాకా నా చేతిలోనే ఉంది మరి.

బిల్లు 1,460. 5 శాతం జీఎస్‌టీతో 1,533. "సగం సగం" అన్నాను. వాడు వెంటనే యూపీఐ చేసేశాడు.

తర్వాత రెండు వారాలు సాయంత్రం టిఫిన్‌కి క్యాంటీన్‌కి రాలేదు. "ఆకలి లేదు" అన్నాడు. నమ్మాను, నమ్మడం నాకు సులువు కాబట్టి. నెలాఖరుకి గట్టిగా అడిగితే చెప్పాడు, ఇంటి నుంచి నెల ఖర్చులకి వచ్చేది 1,500 అని. "ముందే రేటు చెప్పుంటే హమ్మస్ ఒక్కటి చాలనేవాణ్ణి రా."

సగం సగం అంటే న్యాయం అనుకుంటాం. అది లెక్కకి సమానం, అంతే. లోడ్ బ్యాలెన్సింగ్ చదివేటప్పుడు సర్వర్ కెపాసిటీ చూసి లోడ్ వేయాలని రాసి మార్కులు తెచ్చుకుంటాం. బిల్లు దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం.

"అయితే నువ్వే ఇచ్చేయొచ్చుగా" అంటారేమో. ఒకసారి ఇవ్వొచ్చు. ప్రతిసారీ ఇస్తే వాడు ఫ్రెండ్ కాదు, అతిథి అవుతాడు. నాలుగోసారి రానంటాడు. "ఫ్రెండ్స్ మధ్య డబ్బు మాటలేంటి" అనే వాళ్లూ ఉంటారు. ఆ మాట అనేది ఎప్పుడూ జేబు నిండుగా ఉన్నవాళ్లే, గమనించండి.

నేను అడిగేది పెద్ద త్యాగమేమీ కాదు. చోటు డిసైడ్ చేసే ముందు "ఎంతలో తిందాం?" అని అడుగుదాం. గ్రూపులో తక్కువ మాట్లాడేవాడి చేతికి మెనూ ఇద్దాం. ఆర్డర్ ఇచ్చే ముందు రేటు పైకి చదువుదాం. సిగ్గుపడాల్సింది రేటు అడిగినవాడు కాదు, అడిగే అవకాశం ఇవ్వనివాడు.

మొన్న వాడే పిలిచాడు. కాలేజీ గేటు ఎదురు బండి మీద మిర్చి బజ్జీ. రేటు అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసుంది, ఇద్దరికీ కనిపించేలా.