అన్నీ టేకు చేపలేనా?

మొన్న ఆదివారం మా కొండకల్‌లో పొలం గట్టు మీద రక్తపింజర కనిపించింది. అందరం దూరం జరిగాం, అది దాని దారిన పోయింది. ఇంటికొచ్చి ఫోన్‌లో దాని గురించి వెతికా. ఇంగ్లిష్‌లో రసెల్స్ వైపర్ అంటారు కదా, అసలు ఎవరీ రసెల్? పాముతో మొదలైన వెతుకులాట విశాఖ తీరంలో చేపల దగ్గర ఆగింది.

ప్యాట్రిక్ రసెల్ స్కాట్లాండ్ డాక్టర్. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి మన పాముల్ని, చేపల్ని పరిశీలించాడు. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల మీద ఆయన పుస్తకం 1803లో వచ్చింది. నాకు నచ్చిందేంటంటే, చేపలకి అక్కడివాళ్లు పిలిచే పేర్లే రాసుకున్నాడు. చాటలా పల్చటి ఒళ్లు, కొరడాలాంటి తోక ఉన్న వాటికి పేరు చివర ‘టెంకీ’ అని ఉంటుంది. మనం వార్తల్లో చూసే ‘టేకు చేప’కి ఆ మాట చుట్టమే అనిపిస్తుంది. వోల్గా టెంకీ, ఈల్ టెంకీ... ఇలా రకానికో పేరు. అంటే 200 ఏళ్ల కిందటే మన జాలర్లు వీటిని విడదీసి చూసేవాళ్లన్నమాట.

ఇవి సొరచేపల బంధువులు. ఒంట్లో గట్టి ఎముక ఉండదు, అంతా మృదులాస్థే. తోక మీద విషపు ముల్లు. గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి.

మరి సైన్స్ ఏం చేసింది? 1837లో ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు ‘హిమాంటురా’ అనే ప్రజాతిని పెట్టారు. గ్రీకులో ‘వారులాంటి తోక’ అని అర్థం. తోక మీద చర్మపు మడత లేని టేకులన్నీ పోనుపోనూ అందులోకే చేరాయి. ఇది చదివి నవ్వొచ్చింది. మా ప్రాజెక్టులో కూడా ఎక్కడా ఇమడని కోడ్ అంతా ‘మిస్క్’ అనే ఫోల్డర్‌లో పడేస్తాం. ఉన్నదాన్ని బట్టి కాకుండా లేనిదాన్ని బట్టి గుంపు కడితే ఇలాగే అవుతుంది. మూరెడు కూడా లేని చిన్న టేకులూ, 2022లో కంబోడియాలోని మెకాంగ్ నదిలో దొరికిన 300 కిలోల టేకు జాతీ, అన్నీ ఒకప్పుడు ఆ ఒక్క పేరు కిందే ఉన్నాయి.

2016లో పీటర్ లాస్ట్, గావిన్ నేలర్, మాబెల్ మంజాజీ మత్సుమోటో కలిసి శరీర లక్షణాలూ డీఎన్ఏ రెండూ చూసి ఈ కుటుంబం మొత్తాన్ని సర్దారు. 4 ఉపకుటుంబాలు, 19 ప్రజాతులు తేలాయి. హిమాంటురాలో చివరికి మిగిలినవి చిరుతలా మచ్చలున్న కొన్ని మాత్రమే. 2018లో మన దేశపు తీరంలోని నీలిమచ్చల టేకుకి ‘నియోట్రైగాన్ ఇండికా’ అని సొంత పేరొచ్చింది. అంతకుముందు దాన్ని వేరే జాతిలో కలిపి లెక్కేసేవారు.

ఇదంతా నానమ్మకి చెప్తే, ‘‘చేప చేపే గదరా, గన్ని పేర్లెందుకు?’’ అంది.

ఎందుకంటే లెక్క కోసం. టేకులు ఒక్కో కాన్పులో కొద్ది పిల్లల్నే కంటాయి. పెద్ద జాతులైతే ఎదగడానికి ఏళ్లు పడుతుంది. రేవులో అన్నిటినీ ‘టేకు’ అని ఒకే వరసలో రాస్తే, పెద్దవి తగ్గిపోయి చిన్నవి ఎక్కువ పడినా మొత్తం బరువు అంతే కనిపిస్తుంది. ఒక జాతి మాయమైనా లెక్కలో తెలీదు.

చట్టానికీ ఇదే చిక్కు. 2001లో మన వన్యప్రాణి చట్టం షెడ్యూల్ ఒకటిలో సొరలు, టేకులు వగైరా 10 జాతుల్ని చేర్చారు. అందులో ఒకటి ‘హిమాంటురా ఫ్లూవియాటిలిస్’. ఆ పేరు సరిగ్గా ఏ చేపదో శాస్త్రజ్ఞుల్లోనే ఏకాభిప్రాయం లేదు. డేటాబేస్‌లో ఐడీ ఉంది, అది ఏ రికార్డుకి తగులుతుందో తేలట్లేదు. వలలో పడిన చేప అదో కాదో చెప్పలేనప్పుడు దాన్ని కాపాడేదెలా?

నానమ్మకి ఇంత చెప్పలేదు. ‘‘మార్కెట్‌లో కొర్రమీను అని చెప్పి బొచ్చె ఇస్తే ఊరుకుంటావా?’’ అని అడిగా.

‘‘ఎట్ల ఊకుంట? మొకం మీద పడేసొస్త’’ అంది.

అంతే నానమ్మా. సముద్రం తన చేప కోసం అలా అడగలేదు కదా, మనమే అడగాలి.