ఎవరి వంట వాళ్ళ వీధిలోనే

చెన్నైలో భోజనానికి ఎక్కడికి వెళ్ళాలని అడిగిన తెలుగువాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. జార్జిటౌన్‌కు వెళ్ళండి, పొద్దుగూకాక వెళ్ళండి, ఒకే హోటల్లో కూర్చుని కడుపు నింపుకోకండి. పెళ్ళి బట్టలకో, ఆస్పత్రి పనికో చెన్నై వెళ్ళే మనవాళ్ళు చాలామంది టి.నగర్‌లో పప్పూ ఆవకాయా వేసుకుని తినేసి రైలెక్కుతారు. మంచి భోజనమే, కాదనను. కాకపోతే అది మన ఊళ్ళోనూ దొరుకుతుంది. సెంట్రల్ నుంచి మెట్రోలో హైకోర్ట్ ఒక స్టాపు, మన్నడి రెండో స్టాపు. ఆ చుట్టుపక్కల సందుల్లో ఉన్నన్ని రకాల రుచులు ఇంత దగ్గర దగ్గరగా మరోచోట దొరకడం కష్టం.

1639లో ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ చోటు దొరికాక, అది కట్టుకున్న కోట పక్కనే ఈ పేట పెరిగింది. పెంచింది బయటినుంచి వచ్చినవాళ్ళే. కంపెనీతో లావాదేవీలు నడిపిన తొలితరం వర్తకుల్లో మనవాళ్ళున్నారు. కొత్వాల్ చావడిలో ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరి ఆలయం ఇప్పటికీ ఉంది. ఆర్మీనియన్ వీధిలో 1772 నాటి చర్చి ఉంది. షావుకారుపేట మార్వాడీలది, గుజరాతీలది. మన్నడిలో తమిళ ముస్లింలు ఎక్కువ. రేవు వైపు వెళ్తే బర్మా నుంచి వచ్చినవాళ్ళు. ఎవరు వచ్చినా తమ వంట వెంట తెచ్చుకున్నారు.

ఇలాంటి పేటలో ఎక్కడ తినాలో తేల్చుకోవడానికి నాదొక కొలమానం ఉంది. పేజీలకు పేజీల మెనూ ఉన్నచోటికి వెళ్ళను. ఒకటి రెండు వంటకాలే చేస్తూ, వాటిని ముందుగా తమవాళ్ళకోసం చేసే కొట్టు ఏదో వెతుక్కుంటాను. చిన్నప్పటినుంచీ ఆ రుచి ఎరిగినవాళ్ళు రోజూ ఎదురుగా నిలబడి తింటుంటే వంటవాడికి చెయ్యి జారే వీలుండదు. ఉప్పు తగ్గితే అక్కడే అడుగుతారు. దారినపోయేవాళ్ళను మాత్రమే నమ్ముకున్న హోటల్‌కు ఆ భయం లేదు.

మింట్ స్ట్రీట్‌లో కాకడా రాంప్రసాద్ కొట్టు దగ్గర వేడి జిలేబీ, బాదం పాలు తీసుకోండి. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు మీద సీనాభాయ్ టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ, ఊతప్పమే ప్రధానం. రెండూ నేతిలో ఓలలాడుతూ వస్తాయి, మీద పొడి. దక్షిణాది పిండి, ఉత్తరాది నెయ్యి ధారాళం, రెండూ ఒకే పెనం మీద కలిశాయి. మురుకు శాండ్‌విచ్ కూడా ఆ కోవదే. బొంబాయి శాండ్‌విచ్‌లో పెట్టే కీరా, టమాటా, పచ్చ చట్నీ ఇక్కడ రెండు మురుకుల మధ్య చేరతాయి.

అన్నింటికంటే ముఖ్యంగా చెప్పవలసింది బీచ్ స్టేషన్ ఎదుట, సెకండ్ లైన్ బీచ్ దగ్గర నిలబడే అత్తో అనే బర్మా వంటకం బండ్ల గురించి. పసుప్పచ్చని నూడుల్స్‌ను గిన్నెలో వేసి, సన్నగా తరిగిన క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయలు, చింతపండు రసం, ఎండుమిరప పొడి, వెల్లుల్లి నూనె జోడించి బండివాడు చేత్తోనే కలుపుతాడు. కరకరలాడే అప్పచ్చిని నలిపి పైన చల్లుతాడు. పక్కనే అరటి దవ్వ వేసి కాచిన వేడి సూపు. ఉడికిన గుడ్డును నిలువుగా చీల్చి, లోపల వేయించిన ఉల్లి, వెల్లుల్లి, కారం కూరి, చింతపండు రసం చిలకరించి చేతికిస్తాడు. అది నోట్లో పెట్టుకున్నాక చాలాసేపు మాట రాదు.

ఆ బండి వెనక మన చరిత్రా ఉంది. కళింగపట్నం, విశాఖ, కాకినాడ తీరాలనుంచి ఓడలెక్కి రంగూన్ రేవులో బరువులు మోసినవాళ్ళలో వేలాదిమంది తెలుగువాళ్ళు. 1930లో అక్కడ జరిగిన అల్లర్లలో దాడికి గురైనవాళ్ళు ప్రధానంగా ఆ తెలుగు రేవు కూలీలే. 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకుని, ఆ తర్వాత దుకాణాలను జాతీయం చేయడంతో, మిగిలిన భారతీయుల్లో చాలామంది ఉన్నదంతా వదిలి ఓడల్లో తిరిగొచ్చారు. చెన్నైలోని బర్మా బజార్, విశాఖలోని బర్మా క్యాంపు ఆ వలస గుర్తులే. అత్తోను తమిళనాడు చిరుతిండి అనుకుని పక్కకు నెట్టే హక్కు మనకు లేదు.

రోడ్డు పక్క తిండి శుభ్రంగా ఉండదనీ, బండ్లు దారికి అడ్డమనీ అనేవాళ్ళున్నారు. శుభ్రత అడగాల్సిందే. అయితే కుళాయి నీళ్ళు, చెత్తబుట్ట, నిలబడడానికి ఒక గుర్తించిన చోటు ఇస్తే కదా శుభ్రత వచ్చేది! వీధి వ్యాపారులకు రక్షణ కల్పించే చట్టం 2014లోనే వచ్చింది. వాళ్ళకు చోటు కేటాయించే కమిటీలు ఉండాలనీ, అందులో వాళ్ళ ప్రతినిధులకూ స్థానం ఉండాలనీ అది చెబుతోంది. చెన్నై అయినా, మన హైదరాబాద్, విశాఖ అయినా రోడ్లు వెడల్పు చేసేముందు ఆ చట్టం పుస్తకం తెరవాలి. ఒక బండిని లాగేస్తే పోయేది ఒక కుటుంబం కూడు మాత్రమే కాదు, పుస్తకాల్లో ఎవరూ రాసిపెట్టని ఒక వలస కథ కూడా.

మీరు చేయగలిగింది చాలా తేలిక. అక్కడికి వెళ్ళండి, ఒక్కోచోట కొంచెం కొంచెం తినండి, బేరమాడకండి. నచ్చితే మరో నలుగురిని తీసుకెళ్ళండి. ఆ వంటలను నిలబెట్టేది పొగడ్తలు కావు, రోజూ వచ్చి తినేవాళ్ళే.