క్రాఫ్ట్ బీర్ టేస్టింగ్: ఆరు చిన్న గ్లాసులే కదా అనుకుంటే పొరపాటే.. అసలు లెక్క ఇదీ!

వీకెండ్ వచ్చిందంటే చాలు.. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు మైక్రో బ్రూవరీలు కిటకిటలాడుతున్నాయి. ఇన్నాళ్లూ హైదరాబాద్‌కే పరిమితమైన ఈ కల్చర్‌ను జిల్లాల్లోని కార్పొరేషన్లకూ విస్తరించే దిశగా తెలంగాణ ప్రభుత్వం 2025లో అడుగులు వేసింది. ఇంతకీ సీసా బీర్‌కూ, దీనికీ తేడా ఏంటి? కొత్తగా వెళ్లేవాళ్లు ఏం తెలుసుకోవాలి?

సీసా రూటు వేరు.. గ్లాసు రూటు వేరు

వైన్ షాపులో దొరికే బీర్‌ను కంపెనీలు ముందు బేవరేజెస్ కార్పొరేషన్‌కు అమ్మాలి. రేటు ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ధరలు పెంచలేదని, బకాయిలు ఇవ్వలేదని 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ తయారీ సంస్థ యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా ఆపేయడం గుర్తుండే ఉంటుంది. చివరికి ఫిబ్రవరి 11 నుంచి బీర్ ధరలు 15 శాతం పెరిగాయి.

మైక్రో బ్రూవరీలో ఈ గొలుసు ఉండదు. అక్కడే తయారీ, అక్కడే అమ్మకం. సీసా బీర్‌ను సాధారణంగా వడగట్టి, వేడిచేసి నింపుతారు కాబట్టి నెలల తరబడి నిల్వ ఉంటుంది. క్రాఫ్ట్ బీర్‌కు ఆ ప్రాసెస్ చేయరు. అందుకే త్వరగా అమ్ముడుపోవాలి, రుచీ తాజాగా ఉంటుంది.

అద్దాల వెనుక ఏం జరుగుతుంది?

లోపలికి వెళ్లగానే కనిపించేవి పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని పగలగొట్టి, 65 డిగ్రీల దగ్గర వేడి నీళ్లలో గంటసేపు నానబెడతారు. పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. ఆ నీటిని హాప్స్ పువ్వులతో మరిగిస్తే చేదు వస్తుంది. చల్లార్చి ఈస్ట్ కలిపితే చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది. ఏల్ రకాలకు రెండు వారాలు చాలు. లాగర్‌కు ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది.

టేస్టింగ్ ఎప్పుడూ తేలిక రకాలతో మొదలుపెట్టాలి. ముందు గోధుమలతో చేసే హెఫెవైజెన్. ఇందులో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అవి కలిపారనుకోవద్దు, ఆ ఈస్ట్ మహిమే అది! తర్వాత చేదు ఎక్కువుండే ఐపీఏ. చివర్లో కాఫీ, చాక్లెట్ రుచి తగిలే నల్లటి స్టౌట్. స్టౌట్‌తో మొదలుపెడితే ఆ తర్వాతివి నీళ్లలా అనిపిస్తాయి.

అసలు లెక్క ఇక్కడే

100 మి.లీ. చొప్పున ఆరు గ్లాసులంటే 600 మి.లీ. సగటున 5 శాతం ఆల్కహాల్ వేసుకున్నా 30 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాల్ లోపలికి వెళ్లినట్టే. మరి 42.8 శాతం ఉండే విస్కీ లార్జ్ పెగ్గు, అంటే 60 మి.లీ.లో ఉండేది దాదాపు 26 మి.లీ. మాత్రమే. అంటే ‘జస్ట్ టేస్టింగ్’ అనుకున్నది లార్జ్ పెగ్గును దాటేసింది!

శరీరం గంటకు సుమారు 10 మి.లీ. ఆల్కహాల్‌నే వదిలించుకోగలదు. మనిషిని బట్టి ఇది మారుతుంది. డ్రైవింగ్‌లో చట్టం అనుమతించేది 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములే. దాటితే తొలిసారి ఆరు నెలల వరకు జైలు లేదా 10 వేల జరిమానా, లేదంటే రెండూ.

జిల్లాలకు వెళ్తే..

సీసా మీద ఆల్కహాల్ శాతం రాసి ఉంటుంది. గ్లాసుకు లేబుల్ ఉండదు. కాబట్టి ప్రతి రకం పక్కన ఆ శాతాన్ని మెనూలో వేయడం తప్పనిసరి చేయాలి. హైదరాబాద్‌లో అర్ధరాత్రి అయినా క్యాబ్ దొరుకుతుంది. కరీంనగర్, నిజామాబాద్ లాంటి చోట్ల ఆ టైమ్‌లో బైకే దిక్కు. లైసెన్స్ ఫీజు లెక్కలు చూసుకునే సర్కారు, ఇంటికి చేరే దారి గురించి కూడా ఆలోచించాల్సిందే. అప్పటివరకు టేస్టింగ్‌కు వెళ్లేవాళ్లు బండి తాళాలు ఇంట్లో పెట్టి వెళ్లడమే బెటర్.