ఉన్నత పాఠశాల పిమ్మట?

ఉన్నత పాఠశాల ముగించిన విద్యార్థి కళాశాలకును, జీవనోపాధికిని తగియుండవలెనని మన సంఘములు చెప్పి చెప్పి యలసినవి. 1953లో మొదలియారు సంఘము బహుళార్థసాధక పాఠశాలలు కావలెననెను. 1986 నాటి విధానము హయ్యరు సెకండరీ విద్యార్థులలో నూటికి 25 మందిని 1995 నాటికి వృత్తివిద్యలో చేర్తుమనెను. 1992లో ఆ గడువు 2000 సంవత్సరమునకు జరిగెను. 2020 నాటి విధానము 2025కెల్ల విద్యార్థులలో సగము మందికైనను వృత్తివిద్యా పరిచయము కలిగింతుమనెను. ఆ గడువును గడచినది. మన 19-24 యేండ్ల శ్రామికులలో క్రమమైన వృత్తిశిక్షణ గలవారు నూటికి 5 గురైనను లేరనియు, జర్మనీలో 75 మంది గలరనియు పండ్రెండవ పంచవర్ష ప్రణాళిక వేసిన లెక్కను ఆ పత్రమే యుదాహరించినది.

పరిశోధనకు కొరత లేదు. చేతిపని చదువు రానివారికను తలంపే మనకు చేటు. మన తెలుగు రాష్ట్రములలో ఇంటర్మీడియట్టున వృత్తివిద్య చదివినవారు డిగ్రీలో సైన్సు కోరినచో బ్రిడ్జి కోర్సు పరీక్ష వ్రాయవలెను. దానిని మేము తప్పుపట్టము. కాని గణితము చదివినవానిని రంపము పట్టగలవా యని యే కళాశాల యడుగుచున్నది? 1910లో కోపల్లె హనుమంతరావుగారు మొదలగువారు మచిలీపట్టణమున నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల గ్రంథవిద్యను, చేతిపనిని ఒక్కచోటనే నేర్పెను.

వృత్తివిద్య మార్కులను కళాశాల ప్రవేశమునకు లెక్కింపవలెనని ప్రభుత్వములను కోరుచున్నాము. క్రొత్త పత్రములు పిమ్మట వ్రాసికొనవచ్చును.