శ్రీకాకుళంలో ఎన్ని అక్షరాలు?

పోయిన సంచిక పని జరుగుతున్నప్పుడు ఒక తమాషా అయింది. మన క్లబ్బు మిత్రుడొకడు పంపిన కథలో హీరో పేరు 'రామ'. ఇంకో రోజులో సంచిక పెట్టేస్తామనగా రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు: "హీరో పేరు కృష్ణ అని మార్చండ్రా. రామ మా చిన్నాన్న పేరు. చదివితే ఇంట్లో గొడవైపోతాది."

ఇరవై పేజీల కథ. చేత్తో ఎవడు మారుస్తాడు? నాకు పైథాన్ వచ్చు కదా అని నాలుగు లైన్ల స్క్రిప్ట్ రాశాను. జాగ్రత్త కూడా పడ్డాను. 'రామ' పూర్తి పదంగా ఉంటేనే మార్చమని రెండు వైపులా పదం హద్దు పెట్టాను. నడిపాను, పడుకున్నాను.

తెల్లారి ప్రూఫ్ చూసిన అమ్మాయి ఫోన్ చేసింది. ఊళ్ళో రాముడి గుడి కాస్తా కృష్ణుడి గుడి అయిపోయింది. రామాలయం వీధి కృష్ణాలయం వీధి అయింది. శ్రీరామనవమి మాత్రం చెక్కుచెదరలేదు. దాంతో కథలో జనమంతా శ్రీరామనవమి నాడు కృష్ణాలయంలో పానకం తాగుతున్నారు. 'రామకి', 'రామతో' అని ఉన్నచోట్ల హీరో పేరేమో మారనే లేదు. "ఏట్రా ఇది? దేవుణ్ణి మార్చీసి మనిషిని ఒగ్గీసావు?" అంది.

ఆ రోజు నవ్వుకుని చేత్తోనే దిద్దుకున్నాం. తర్వాత కూర్చుని ఎందుకిలా అయిందో చూస్తే, తప్పు నా నాలుగు లైన్లతో ఆగేది కాదని తెలిసింది.

పైథాన్‌తో పాటు వచ్చే ఆర్‌ఈ మాడ్యూల్ దృష్టిలో పదమంటే అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్. 'మ' అక్షరమే. దాని పక్కనున్న కొమ్ము మాత్రం యూనికోడ్ లెక్కలో అక్షరం కాదు, 'గుర్తు'. కాబట్టి 'రాముడు'లో 'మ' దగ్గరే పదం అయిపోయిందని అది అనుకుంటుంది. 'రామాలయం'లోనూ అంతే, దీర్ఘం దగ్గర ఆగిపోతుంది. 'శ్రీరామనవమి'లో 'మ' తర్వాత 'న' అనే నిఖార్సైన అక్షరం ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు. అదే మాడ్యూల్‌తో 'తెలుగు' అన్న మాటలో పదాలు ఏరమనండి. త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. జావాస్క్రిప్ట్ ఇంకో మెట్టు పైన. అక్కడ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ అండర్‌స్కోరే, తెలుగులో ఒక్క అక్షరాన్నీ పట్టుకోదు.

'రామకి' మారకపోవడం వేరే సంగతి. అది కంప్యూటర్ తప్పు కాదు, నాదే. తెలుగులో విభక్తి పదానికి అతుక్కుంటుంది. పూర్తి పదం అయితేనే మార్చమని తెలుగు వాక్యానికి ఇంగ్లీషు షరతు పెట్టింది నేనే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్క్రిప్టులు రాసేవాళ్ళ గొడవే కదా అనుకోకండి. ఎడిటర్లో మీరు డబుల్ క్లిక్ చేసిన ప్రతిసారీ, షిఫ్ట్ పట్టుకుని బాణం నొక్కిన ప్రతిసారీ అది ఇదే ప్రశ్నకి జవాబు చెబుతోంది: ఆ నీలం రంగు ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి? సెలెక్షన్ అంటే ఏది అక్షరం, ఏది పదం అన్న దాని మీద ఎడిటర్ అభిప్రాయం. ఆ అభిప్రాయం ఇంగ్లీషు చూసి ఏర్పడింది. మౌస్‌తో పాఠాన్ని ఎంచుకుని కోసి అతికించే పద్ధతి 1970ల్లో జిరాక్స్ పార్క్ ల్యాబులో లారీ టెస్లర్, టిమ్ మాట్ చేసిన జిప్సీ ఎడిటర్‌తో రూపు దిద్దుకుంది. అక్కడ ఒక అక్షరమంటే ఒక కోడు, తెర మీద ఒక ఆకారం. మనకలా కాదు.

గరివిడి స్టేషన్లో పాసింజర్ కోసం నిలబడినప్పుడు ఈ లెక్క వేసుకోండి. బోర్డు మీద 'గరివిడి', మన కంటికి నాలుగు అక్షరాలు. పైథాన్‌లో లెన్ అడిగితే ఏడు అంటుంది, గుడులని విడిగా లెక్కపెడుతుంది కాబట్టి. పక్క స్టేషన్ చీపురుపల్లి మనకి ఐదు, దానికి పదకొండు. శ్రీకాకుళం మనకి నాలుగు, దానికి పది. యూటీఎఫ్-8 ఫైల్లో ఆ పదీ 30 బైట్లు. ఎవరో ఒక ఫారంలో ఊరి పేరుకి పది అక్షరాలు చాలని కోశారనుకోండి, చీపురుపల్లి 'చీపురుపల్ల' అయి కూర్చుంటుంది. ఊరి పేరైతే నవ్వుకుంటాం. సర్టిఫికెట్ మీద మనిషి పేరైతే? దిద్దించుకోడానికి ఆ మనిషే తిరగాలి.

'శ్రీ' ఒక్కటే తీసుకుందాం. లోపల శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు కోడ్లు. గుడిదీర్ఘం కంటికి 'శ' నెత్తి మీద కనిపిస్తుంది, ఫైల్లో మాత్రం 'ర' తర్వాత ఉంటుంది. ఇలాంటి గుంపుని ఎక్కడ విడగొట్టొచ్చో చెప్పే సూత్రాలు యూనికోడ్ వాళ్ళవి. చాలాకాలం ఆ సూత్రాల ప్రకారం 'శ్రీ' రెండు ముక్కలు: 'శ్', 'రీ'. ఆ పద్ధతి పాటించే ఎడిటర్లో ఒక్క బాణం నొక్కితే కర్సర్ 'శ్రీ' కడుపులో ఆగుతుంది, నీలం రంగు సగం అక్షరానికే పడుతుంది. కాపీ చేస్తే 'శ్' ఒక్కటే వస్తుంది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లోగానీ తెలుగు, దేవనాగరి వంటి ఆరు లిపుల సంయుక్తాక్షరాలని ఒకే గుంపుగా చూడాలన్న సూత్రం చేరలేదు. అది అన్ని ఎడిటర్లకీ దిగడానికి ఇంకెంత కాలమో!

ఇక్కడ మన సాహిత్య క్లబ్బు వాళ్ళకి కాస్త గర్వపడే హక్కుంది. 'అక్షరం ఎంత?' అన్న ప్రశ్నకి తెలుగులో వెయ్యేళ్ళుగా జవాబుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకి 21, శార్దూలానికి 19. నన్నయ కాలం నుంచీ అదే లెక్క. అందులో 'శ్రీ' ఎప్పుడూ ఒక్కటే, ఒక గురువు. పదో తరగతిలో గణవిభజన చేసిన వాడెవడూ దాన్ని రెండు ముక్కలు చేయడు. అలాగని ఛందస్సుని యథాతథంగా ఎడిటర్లో పెట్టేయమనను. 'రాజన్' ఛందస్సులో రెండక్షరాలు, ఆ పొల్లు 'జ'తో కలిసిపోతుంది. ఎడిటర్లో మాత్రం 'న్' విడిగా దొరకాలి, లేకపోతే దిద్దుకోలేం. అంటే ఏ పనికి ఏ లెక్కో తేల్చుకోవాలి. తేల్చడానికి తెలుగు తెలిసినవాళ్ళు కావాలి.

అందుకే నేను 'అన్నీ అక్షరం లెక్కనే జరగాలి' అని కూడా అనడం లేదు. బ్యాక్‌స్పేస్ సంగతి చూడండి. 'శ్రీ' తర్వాత అది నొక్కితే చాలా ఎడిటర్లలో గుడిదీర్ఘం ఒక్కటే పోయి 'శ్ర' మిగులుతుంది. కొందరు ఇది బగ్ అంటారు. నాకైతే ఇదే సరైన పద్ధతి. గుడి కొట్టబోయి దీర్ఘం కొట్టినవాడు దాన్నొక్కదాన్నే దిద్దుకోవాలనుకుంటాడు, మొత్తం అక్షరం మళ్ళీ టైప్ చేయాలనుకోడు. తుడిచేటప్పుడు టైప్ చేసిన క్రమంలో వెనక్కి, ఎంచుకునేటప్పుడు నిండు అక్షరం. నేను అడిగే నియమం ఇంతే.

పదం ఎంపికలో విఎస్ కోడ్ నయం. దాని దారి వేరు. ఏది పదమో చెప్పకుండా, పదాలని విడగొట్టే గుర్తుల జాబితా పెట్టుకుంది: కామా, చుక్క, బ్రాకెట్ల లాంటివి. మిగిలిందంతా పదమే. అందుకే 'రాముడు' మీద డబుల్ క్లిక్ చేస్తే మొత్తం దొరుకుతాడు. తెలుగు కోసం ప్రత్యేకంగా చేసిందేమీ లేకుండానే తెలుగుకి మేలు జరిగింది. ఆ జాబితాలో వంపు తిరిగిన కొటేషన్ గుర్తులు లేవు కాబట్టి, కథల్లో సంభాషణ మీద క్లిక్ చేస్తే అవి కూడా పదంతో పాటు వచ్చేస్తాయి. సెట్టింగ్స్‌లో వర్డ్ సెపరేటర్స్‌కి వాటిని కలిపేయండి, పోతుంది.

నిలువుగా బ్లాక్ సెలెక్షన్ మాత్రం తెలుగుతో ఇప్పటికీ తలనొప్పే. అది అన్ని అక్షరాలూ ఒకే వెడల్పు అన్న నమ్మకం మీద నడుస్తుంది. మన 'ర', 'ఘా' ఒకే గడిలో ఎలా ఇముడుతాయి?

ఇక కంటికి కనబడని అక్షరం ఒకటుంది. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'ట'కి 'వ' వత్తు పడకుండా మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతాం. అది లేకుండా రాసినవాడు ఒకడు, ఉండి రాసినవాడు ఒకడు అయితే, ఒకడి మాట వెతికినప్పుడు ఇంకొకడిది హైలైట్ అవదు. ఈ గుర్తు ఎంత పని చేయగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్య ఇదే గుర్తు దూరిన ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 వచ్చాకగానీ సర్దుకోలేదు. అప్పుడు వార్తల్లో 'తెలుగు అక్షరం ఫోన్లని పాడుచేస్తోంది' అన్నట్టు రాశారు. ఫోన్లని పాడుచేసింది తెలుగు కాదు, తెలుగుతో పరీక్షించకుండా వదిలిన కోడు.

"కోడ్ అంతా ఇంగ్లీషే కదా, ఎడిటర్లో తెలుగుతో మనకేం పని?" అని అడిగేవాళ్ళు మన క్లాసులోనే ఉన్నారు. కోడ్ ఇంగ్లీషే, సరే. దాని లోపల నడిచే పేర్లు, ఊర్లు, సందేశాలు, పాఠాలు ఎవరివి? రేపు మనం రాసే యాప్‌లో మీ అమ్మగారు తన పేరు తెలుగులో కొడితే దాన్ని ఎక్కడ కోయాలో నిర్ణయించేది మన కోడే.

మందు లేని జబ్బేమీ కాదు. పైథాన్‌లో ఆర్‌ఈ బదులు రెజెక్స్ అనే విడి మాడ్యూల్ పెట్టుకుంటే గుణింతాలు పదంలో భాగమే అని తెలుసుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్ ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉంది. ఉన్నాయని తెలియక వాడటం లేదు, అంతే.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి సెమినార్ హాల్లో దండ వేస్తాం, నాలుగు ఉపన్యాసాలు వింటాం, ఫొటో దిగుతాం. మన జిల్లాలవాడే ఆయన. జనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని పోరాడారు. సవరల మధ్య తిరిగి, వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు కూర్చారు. ఈసారి ఉపన్యాసాలతో పాటు ఒక గంట ల్యాబులో కూర్చుందాం. ఎవరి ఎడిటర్ వాళ్ళు తెరిచి 'శ్రీకాకుళం', 'చీపురుపల్లి', 'సాఫ్ట్‌వేర్', 'జ్ఞానం', 'రాజన్' కొట్టి చూద్దాం. బాణం ఎక్కడ ఆగుతోంది, డబుల్ క్లిక్‌కి ఎంత దొరుకుతోంది, వెతికితే ఏది హైలైట్ అవుతోంది రాసుకుందాం. తేడా ఉంటే ఆ ఎడిటర్ తయారుచేసేవాళ్ళకి బగ్ రిపోర్ట్ పంపుదాం. చాలా ఎడిటర్లు ఓపెన్ సోర్సే, ఓపికున్నవాడు దిద్ది పంపినా తీసుకుంటారు.

'శ్రీ' ఒకటో రెండో తెలుగు రానివాళ్ళకి తెలియకపోవడం తప్పు కాదు. తెలిసిన మనం చెప్పకపోతే మాత్రం తప్పే.

అన్నట్టు, ఆ కథ 'కృష్ణ' పేరుతోనే వచ్చింది, రాముడి గుడి రాముడికే మిగిలింది. మా మిత్రుడి చిన్నాన్న చదివారట. బావుందన్నారట. "అచ్చం నాలాగే ఉన్నాడ్రా హీరో" అన్నారట.