గీతలు గీసినోళ్లు ఊర్లను అడిగిండ్రా?

2013ల బెజవాడల సమైక్య సభలు పెట్టి తెలుగు గడ్డ మీద గీత గీయొద్దన్నోళ్లకు మునగాల తెలువదా? చుట్టూ నిజాం రాజ్యం, నడుమ కృష్ణా జిల్లా పరగణా! జిల్లా కేంద్రం బందరుకు పోవాలంటే పరాయి రాజ్యం దాటాలె. నెదర్లాండ్స్ నడుమ బెల్జియం ముక్కలున్నయని వింతగా చెప్పుకుంటం, మన వింత మరిచినం. ఆ మునగాల రాజా నాయని వెంకట రంగారావు అండతోనే 1901ల హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం లేచింది. 1959ల పరగణాను నల్లగొండల కలిపిండ్రు. ఆకాశం కూలలేదు.

మరి 2014ల? ఢిల్లీల ఆర్డినెన్సుతోని ఎటపాక, పురుషోత్తపట్నం సహా భద్రాచలం చుట్టూ ఐదు పంచాయతీలను ఆంధ్రకు మళ్లించిండ్రు. రామయ్య గుడి ఈడ, గుడి భూములు ఆడ! గీతలొద్దన్న నోళ్లు అప్పుడు లేవలేదు. ఊర్లను ఓటు అడగలేదు. మా ఐదు పంచాయతీలు మాకియ్యాలె.